పదునెనిమిది పెన్నీల గురువు: ఐజాక్ వాల్టన్

ఏ విద్యకైనను గడపదగ్గర ఒక చిక్కు కలదు. వీణ నేర్వదలచినవానికి రాగములకంటె ముందు వీణ కావలెను. బొమ్మలు వేయగోరువానికి రేఖలకంటె ముందు కుంచె కావలెను. ఏది కొనవలెను, ఎంతలో కొనవలెను, ఏది లేకున్నను పని జరుగును అను ప్రశ్నలకు సమాధానము చెప్పువారు దొరకక, విద్యమీది మక్కువ అంగడివాకిటనే చల్లారిపోవుట కలదు. ఆరితేరినవారు తమ పనిముట్ల గొప్ప చెప్పుదురే కాని, క్రొత్తవానికి ఎంత యున్న చాలునో చెప్పరు. అంగడివాడు అన్నియు కావలెననును. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండు దేశమందు, చేపలవేట విషయమున ఈ ప్రశ్నలకు ఓపికతో సమాధానము చెప్పిన మనిషి యొకడు కలడు. ఆయన పండితుడు కాడు, ప్రభువు కాడు. లండను నగరమున బట్టలు అమ్ముకొని బ్రదికిన వర్తకుడు. ఆయన పేరు ఐజాక్ వాల్టన్. 1653లో వెలువడిన ఆయన గ్రంథము ‘ది కంప్లీట్ ఆంగ్లర్’ నేటికిని అచ్చగుచునే యున్నది.

ఆయన జీవితమునకు పోవుటకు ముందు ఆ వేట యెట్టిదో కొంత తెలియవలెను. మన యేటిగట్టున వానపామును గ్రుచ్చి గాలము వేయువారిని చూడనివారు లేరు. అక్కడ ఎరయు, సీసపు గుండును తమ బరువుతో త్రాడును నీటిలోనికి లాగుకొని పోవును. ఇంగ్లండులోని చల్లని సెలయేళ్లలో బ్రదుకు ట్రౌట్ అను చేప తీరు వేరు. అది నీటిమీద వ్రాలు చిన్న చిన్న పురుగులను, ఈగలను పైకి వచ్చి అందుకొనును. కావున వేటగాడు గాలమునకు పట్టుదారమును, ఉన్నిని, ఈకలను చుట్టి, చూపునకు ఈగవలె నుండు బొమ్మను కట్టును. ఇంగ్లీషువారు దీనిని ఫ్లై అందురు. మనము ఈగ యనియే చెప్పుకొందము. ఈ యీగకు బరువు లేదు. చేతితో విసరిన రెండు బారలైనను పోదు. కర్ర వంగి లేచు విసురే త్రాడును ముందునకు పంపవలెను. త్రాడు తన వెంట ఈగను కొనిపోయి, నీటిమీద పువ్వు రాలినట్లు మెల్లగా దింపవలెను. కర్ర మొద్దుగా నున్నను, త్రాడు ఎగుడుదిగుడుగా నున్నను ఈ పని జరుగదు. అందుచేత ఈ వేటలో పనిముట్ల ఎంపిక అలంకారము కాదు, అవసరము. డబ్బు లేనివాడు దీనిని నేర్వగలడా యను ప్రశ్న పుట్టునది ఇచ్చటనే.

వాల్టన్ 1593లో స్టాఫర్డ్ పట్టణమున జన్మించినాడు. ఆ యేటి సెప్టెంబరు 21న ఆయనకు జ్ఞానస్నానము జరిగినది. తండ్రి జర్వేజ్ 1597లో, కొడుకునకు ఊహ తెలియని వయస్సులోనే, మరణించినాడు. తల్లి మరల వివాహమాడినది. పిల్లవాడు పెరిగి లండను చేరి, తన సోదరి భర్తయైన థామస్ గ్రిన్సెల్ అను బట్టల వర్తకునివద్ద పని నేర్చినాడు. 1618లో ఇనుప వర్తకుల సంఘమున సభ్యుడైనాడు. ఆ కాలపు లండనులో స్వతంత్రముగా వర్తకము చేయవలెనన్న ఏదో యొక వృత్తిసంఘమున చేరవలసియుండెడిది. సంఘము పేరు ఇనుపదైనను వాల్టన్ వ్యాపారము మాత్రము బట్టలదే. ఫ్లీట్ వీథిలో, ఛాన్సరీ లేన్ కలియుచోటికి సమీపమున ఆయన కొట్టు ఉండెడిది. విశ్వవిద్యాలయపు ముఖము ఆయన చూచినవాడు కాడు.

బట్టల కొట్టులో పెరిగినవానికి రెండు సంగతులు అబ్బును. వ్రేళ్లతో తాకి నేత యెట్టిదో చెప్పగలుగుట ఒకటి. కొనవచ్చినవాని సంచిలో ఎంత యున్నదో ముఖము చూచి గ్రహించుట రెండవది. వాల్టన్ తరువాతి కాలమున వేటను గురించి వ్రాసినప్పుడు ఈ రెండు గుణములును ఆయన కలమున కనబడుచునే యుండును. దారపు పోగులను పరీక్షించిన కన్నే గుర్రపు తోకవెండ్రుకను పరీక్షించినది.

కొట్టు ఉన్న పేటకు చెందిన దేవాలయము సెయింట్ డన్‌స్టన్ చర్చి. 1624 నుండి అచ్చట మతగురువుగా నుండినవాడు సుప్రసిద్ధ కవి జాన్ డన్. అంతటి విద్వాంసునకు, బట్టల వర్తకునకు మైత్రి కుదిరినది. డన్ ద్వారా మరికొందరు పెద్దలతో పరిచయము కలిగినది. వారిలో నొకడు సర్ హెన్రీ వోటన్. ఆయన రాయబారిగా దేశములు తిరిగి, పిమ్మట ఈటన్ కళాశాలకు అధిపతియై, తీరిక దొరికినప్పుడెల్ల గాలము వేయుచుండెడివాడు. డన్ మరణించిన పిదప ఆయన చరిత్రను వ్రాయుటకు వోటన్ పూనుకొనినాడు. వివరములు సేకరించి యిచ్చు పని వాల్టన్ వంతు. వోటన్ 1639లో ఆ పని ముగింపకయే మరణించినాడు. సేకరణకర్తయే రచయిత కావలసివచ్చినది. 1640లో డన్ ఉపన్యాసముల సంపుటమునకు ముందు వాల్టన్ వ్రాసిన జీవితచరిత్ర వెలువడినది. అప్పటికాయనకు నలువదియారేండ్లు దాటినవి. నడివయస్సున, గత్యంతరము లేక కలము పట్టినవాడు ఆంగ్ల సాహిత్యమున జీవితచరిత్ర రచనకు దారి చూపినవారిలో నొకడైనాడు.

కాని ఆ సంవత్సరము ఆయన గృహమునకు మంచిది కాదు. 1626 డిసెంబరులో ఆయన రేచెల్ ఫ్లడ్ అను నామెను వివాహమాడినాడు. వారికి ఏడుగురు బిడ్డలు కలిగినారు. ఏడుగురును చిన్నతనముననే కన్నుమూసినారు. 1640లో రేచెల్ కూడ మరణించినది. 1647 ప్రాంతమున ఆయన ఆన్ కెన్ అను నామెను రెండవ వివాహమాడినాడు. ఆమెయందు కలిగిన బిడ్డలలో ఒక కుమార్తెయు, ఒక కుమారుడును దక్కినారు. ఆ కుమారునకు ముందు పుట్టి శైశవముననే పోయిన పిల్లవాని పేరు ఐజాక్. బ్రదికిన పిల్లవానికిని తండ్రి ఆ పేరే మరల పెట్టుకొన్నాడు.

ఇంటిలో చావులు చాలవన్నట్లు దేశములో యుద్ధము వచ్చినది. 1642లో రాజునకు, పార్లమెంటునకు పోరు మొదలైనది. వాల్టన్ రాజపక్షమువాడు, తన చర్చి ఆచారములను ప్రేమించినవాడు. ఆ పక్షము ఓడినది. 1649 జనవరిలో మొదటి చార్లెస్ రాజునకు శిరశ్ఛేదము జరిగినది. ఆయనకు తెలిసిన మతగురువులు పలువురు కొలువులు పోగొట్టుకొన్నారు. 1651లో వుస్టర్ యుద్ధమున రాజకుమారుడు ఓడి పారిపోయినప్పుడు, ఆయన ధరించు జార్జి పతకమొకటి రహస్యముగా చేతులు మారుచు వాల్టన్ కడకు వచ్చినది. దానిని ఆయన స్టాఫర్డ్ ప్రాంతమునుండి లండనునకు కొనిపోయి, చేరవలసినవారికి చేర్చినాడు. పట్టుబడిన ప్రాణాపాయము. దాదాపు అరువదేండ్ల ఈ నెమ్మదియైన వర్తకుడు చేసిన సాహసము అది యొక్కటే.

ఇట్టి కాలమున, 1653లో, ఆయన చేపలవేటను గురించిన పుస్తకమును ప్రకటించినాడు. ఫ్లీట్ వీథిలోని సెయింట్ డన్‌స్టన్ చర్చి ఆవరణలో రిచర్డ్ మారియట్ అను ప్రచురణకర్త దానిని విక్రయించినాడు. వెల 18 పెన్నీలు. 12 పెన్నీలు ఒక షిల్లింగు కావున, అది ఒకటిన్నర షిల్లింగు. ఆనాటి కూలివానికి ఒకటి రెండు దినముల సంపాదన. పుస్తకము జేబులో పట్టునంత చిన్నది. పదిమందికి అందవలెనను తలంపు దాని పరిమాణమునను, వెలయందును కూడ కనబడుచున్నది.

గ్రంథము సంభాషణ రూపమున నడచును. మొదటి కూర్పున జాలరి, బాటసారి యను ఇరువురే యుండిరి. 1655 నాటి రెండవ కూర్పునుండి జాలరి, వేటకాడు, డేగలవాడు అను మువ్వురు వచ్చిరి. మేనెలలో ఒక ఉదయమున లండనునకు ఉత్తరమున టాటెన్‌హామ్ మిట్టమీద వీరు కలిసికొందురు. లీ నది యొడ్డున దినములు గడపుదురు. వేటకాడు మొదట జాలరి విద్యను తేలికగా చూచును, పిమ్మట శిష్యుడగును. శిష్యునకు తెలియనిది అడుగుటకు సిగ్గు లేదు. గురువునకు చెప్పినదే చెప్పుటకు విసుగు లేదు. వాన వచ్చిన చెట్టు క్రింద కూర్చుండి చెప్పుకొందురు. చేప దొరకిన పూటకూటింటికి పోయి వండించుకొందురు. ఉపాధ్యాయ వృత్తియందున్నవారు ఈ గ్రంథమును చేపలకొరకు కాకున్నను బోధనాపద్ధతికొరకైనను చదువవచ్చును. గాలపు విద్యను కేవలము పుస్తకముతో నేర్పుట సాధ్యము కాదని వాల్టన్ పీఠికలోనే ఒప్పుకొన్నాడు. అది చూచి, చేసి నేర్వవలసినదే. కాని చేయుటకు పూనుకొన్నవాడు మొదటనే దారి తప్పకుండుటకు మాటలు సాయపడునని ఆయన నమ్మకము.

ఇక పనిముట్ల సంగతి. వాల్టన్ నాటికి ఈ విద్య క్రొత్తది కాదు. 1496లోనే వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు గాలపు వేటను గూర్చిన చిన్న పుస్తకమొకటి అచ్చువేసినాడు. దానిని జూలియానా బెర్నర్స్ అను సన్యాసిని వ్రాసినదని వాడుక. అందు కర్రను, త్రాటిని, గాలమును ఎవరికి వారే చేసికొను విధము వివరింపబడినది. గాలములను సైతము సూదులు కాల్చి వంచి చేసికొనవలెను. వాల్టన్ ఆ దారినే నడచినాడు కాని, ఒక వర్తకుని వివేకముతో నడచినాడు. ఇంటిలో చేసికొనదగినదేదో, అంగడిలో కొనదగినదేదో ఆయన వేరుచేసినాడు.

ఈగవేటకు కర్ర తేలికగాను, సుకుమారముగా వంగునదిగాను ఉండవలెనని ఆయన చెప్పినాడు. రెండు ముక్కలు చేర్చిన కర్ర మేలు. పొడవునకును, ఆడంబరమునకును ఆయన ఆశపడడు. రీలు మాట ఇంచుమించు లేనే లేదు. త్రాడును కర్ర కొననే కట్టుదురు. పెద్ద సాల్మన్ చేపను పట్టుటకు కొందరు కర్రకు చక్రమొకటి అమర్చుకొందురని ఆయన తెలిపినాడు. అయితే అది వర్ణించి చెప్పుటకంటె చూచి తెలిసికొనుట మేలని ఊరకున్నాడు. ట్రౌట్ వేటకు వచ్చు క్రొత్తవానికి ఆ ఖర్చు అక్కరలేదు.

అసలు శ్రద్ధయంతయు త్రాటిమీద. ఆ కాలమున త్రాడు అనగా గుర్రపు తోకవెండ్రుకల పేట. వెండ్రుక గుండ్రముగా, తేటగా, గాజువన్నెతో, పుండ్లు పొక్కులు లేక నిగనిగలాడవలెను. అట్టి మంచి వెండ్రుక యొక్కటి, ఎగుడుదిగుడులైన మూడు వెండ్రుకలంత బలము కలదని వాల్టన్ లెక్క. తెల్లవానిలో బల్లపరుపువి పెక్కు. నల్లవి సాధారణముగా గుండ్రముగా నుండును. పేనుటకు ముందు వెండ్రుకలను కడుగవలెను. తేటవి ఏరుకొనుటయే చాలదు. ఒకే లావు గలవానిని ఏరుకొనవలెను. సమానమైన వెండ్రుకలు కలిసి సాగును, తెగిన కలిసి తెగును. లావు సన్నములు కలిపి పేనిన ఒక్కొక్కటిగా తెగి, వేటగానిని మోసము చేయును. ఇందులో పైసా ఖర్చు లేదు; కావలసినది ఏరుటకు ఓపిక. బీదవాడు ధనికునితో సమానుడగు స్థలమేదో వాల్టన్ ఇచ్చట చూపినాడు.

త్రాటికి రంగు వేయుటకును ఇంటి సరకులే. గాఢమైన బార్లీ సారా ఒక పింటు, అరపౌను మసి, అక్రోటు ఆకుల పసరు కొంచెము, పటిక అంతే. అన్నియు కుండలో అరగంట కాచి, చల్లార్చి, వెండ్రుకలను నానబెట్టినయెడల నీటివన్నెయో, ఆకుపచ్చయో పట్టును. నీటిలో చేప కంటికి త్రాడు కనబడకుండుటకు ఈ ఉపాయము. ఈగకు దగ్గరగా నుండు త్రాటి భాగమున మూడు నాలుగు వెండ్రుకలకు మించరాదు. ఒక్క వెండ్రుకతో వేటాడు నేర్పు వచ్చినవానికి చేపలు మరింత దొరకునని ఆయన ఆశ చూపినాడు. అనగా చేయి తిరిగినకొలది సామాను తగ్గును. అనుభవము పెరిగినకొలది సామాను పెంచుకొను మన వాడుకకు ఇది విరుద్ధము.

ఈగలకు కావలసినవి పెరటిలోను, దొడ్డిలోను దొరకును. కోడిపుంజు మెడయీకలు, మగబాతు తలయీకలు, గోధుమరంగు పెయ్య వెండ్రుకలు, నల్లగొఱ్ఱె ఉన్ని, పంది నూగు, రంగురంగుల పట్టుపోగులు, కొంచెము జరీ. ఎలుగుబంటి వెండ్రుక మాత్రము అడిగి తెచ్చుకొనవలసినది. పాత గ్రంథముననుసరించి పండ్రెండు విధముల ఈగలను ఆయన వర్ణించినాడు. కాని వర్ణించి, వెంటనే ఒక మేలైన మాట చేర్చినాడు: చక్కగా కట్టిన మూడు నాలుగు ఈగలు, మరీ పెద్దవి కాకున్నచో, పెక్కు నదులలో వేసవి అంతయు ట్రౌట్ వేటకు చాలును. అన్నియు కొనవలెననుకొను క్రొత్తవానికి ఇంతకంటె లాభకరమైన సలహా లేదు.

ఇట్లు పొదుపు చెప్పినవాడే గాలము దగ్గర పొదుపు చెప్పలేదు. ఉక్కుకు పదును సరిగా లేనియెడల, చేప పట్టుబడిన క్షణముననే గాలము విరుగును, లేక నిలువున సాగును. తరువాతి కూర్పులలో ఆయన చార్లెస్ కర్బీ అను పనివాని గాలములను కొనుమని పేరు పెట్టి చెప్పినాడు. చేతితో చక్కగా చేసికొనగలదానికి డబ్బు పెట్టరాదు; చేసికొనలేనిదానికి మంచి పనివాని వెదకవలెను. ఆయన గ్రంథమంతటను అంతర్వాహినిగా నున్న ఆర్థికసూత్రమిదియే.

వాల్టన్ గొప్ప మరియొక విధముగాను తెలియును. నిజమునకు ఆయన ఈగవేటలో ఆరితేరినవాడు కాడు. ఆయన చేయి తిరిగినది పురుగు ఎరతోను, మిడుతతోను, చిన్నచేపను ఎరగా గ్రుచ్చుటలోను. ఈగవేట భాగములో కొంత 1651లో వెలువడిన థామస్ బార్కర్ పుస్తకమునుండి గ్రహించినాడు. బార్కర్ వంటవాడు, రాయబారుల వంటయిండ్లలో మసలినవాడు. ఆయనకు తాను పడిన ఋణమును మొదటి కూర్పుననే వాల్టన్ పేరు చెప్పి ఒప్పుకొన్నాడు. అయినను విమర్శ తప్పలేదు. క్రామ్‌వెల్ పక్షమున పోరాడిన రిచర్డ్ ఫ్రాంక్ అను మరొక వేటగాడు, వాల్టన్ తన అనుభవము లేక ఇతరుల పుస్తకములనుండి ఎత్తివ్రాసినాడని ఈసడించినాడు. ఆ నిందలో కొంత సత్యము లేకపోలేదు. దానికి వాల్టన్ మాటలతో సమాధానము వ్రాయలేదు. 1655, 1661, 1668 సంవత్సరములలో వెలువడిన కూర్పులలో పుస్తకమును దిద్దుచు, పెంచుచు పోయినాడు. మొదట 13 అధ్యాయములుగా నున్నది తుదకు 21 అధ్యాయములైనది. ఈగవేటను గూర్చి మాత్రము తనకంటె బాగుగా ఎరిగినవానిని వెదకి, ఆ పీఠమును వానికి అప్పగించినాడు.

అట్లు పీఠమెక్కినవాడు చార్లెస్ కాటన్. వాల్టన్ కంటె 37 ఏండ్లు చిన్నవాడు. డవ్ నది యొడ్డున బెరెస్‌ఫర్డ్ భవనమున నివసించిన భూస్వామి, కవి. వంశగౌరవము మెండు, అప్పులు అంతకంటె మెండు. గురువు నెమ్మదియైన భక్తుడు. శిష్యుడు చమత్కారి, విలాసి. ఇరువురకును స్నేహము కుదిర్చినది నది. కాటన్ వాల్టన్‌ను తండ్రియని పిలిచెడివాడు. 1674లో డవ్ నది యొడ్డున చిన్న రాతియిల్లు కట్టించి, వాకిటిపైన ఇరువురి పేళ్ల మొదటి అక్షరములను పెనవైచి చెక్కించినాడు. ఆ యిల్లు నేటికిని నిలిచియున్నది.

1676లో అయిదవ కూర్పు అచ్చునకు పోవుచుండగా, తేటనీటిలో ట్రౌట్, గ్రేలింగ్ చేపలను ఈగతో పట్టు విధమును కాటన్ పది దినములకు కొంచెము మించిన కాలములో వ్రాసి పంపినాడు. అది రెండవ భాగముగా చేరినది. అచ్చట బాటసారియే మరల శిష్యుడు. తేటనీటిలో చేప మనిషిని చూచును కావున, సన్నని త్రాటితో దూరమునుండి వేటాడవలెనని కాటన్ సిద్ధాంతము. కర్ర 15 మొదలు 18 అడుగులు; త్రాడు దానికంటె గజమున్నరయో, రెండు గజములో ఎక్కువ. ఈగ దగ్గర రెండు వెండ్రుకలు, పిమ్మట మూడు, ఆ పిమ్మట మరికొన్ని. ఇట్లు కర్ర కొనవరకు క్రమముగా లావు పెరుగవలెను. అప్పుడే విసురు త్రాటివెంట సాగి ఈగవరకు పోవును. నేటి త్రాళ్లు మొదలు లావుగాను, కొస సన్నముగాను ఉండుటకు మూలము ఈ యనుభవమే. 83వ యేట నడుచుచుండిన వృద్ధుడు తన పేరు మోసిన పుస్తకమున సగము గౌరవమును పిన్నవానికి పంచి యిచ్చుట సామాన్యము కాదు. తనకు రాని పాఠమును వచ్చినవానిచేత చెప్పించుటయు గురుధర్మమే.

వాల్టన్ నాటినుండి పనిముట్లు ఎంతయో మారినవి. గుర్రపు వెండ్రుక పోయి పట్టు వచ్చినది. పట్టుపురుగు నరము వచ్చినది. ఇరువదవ శతాబ్దమున నైలాన్ వచ్చినది. కర్రలు వెదురు బద్దలతోను, గాజునారతోను, 1970ల నుండి కార్బన్ నారతోను తయారగుచున్నవి. బ్రిటిషువారు తెచ్చి విడిచిన ట్రౌట్ మన దేశమున కాశ్మీరు వాగులలోను, నీలగిరులలోను బ్రదుకుచున్నది. అంగడులలో నేటి క్రొత్తవానికి కలుగు తికమక నాటికంటె నూరురెట్లు అధికము. కాని వాల్టన్ విభజన నేటికిని పనికివచ్చును. ట్రౌట్ వేటలో రీలు ముఖ్యముగా త్రాటిని చుట్టి యుంచు సాధనము. కావున అక్కడ ఖర్చు తగ్గింపవచ్చును. ఈగను మోసికొనిపోవునది త్రాడు; కావున అక్కడ తగ్గింపరాదు. మొదటి కర్ర తొమ్మిది అడుగుల పొడవున, 5వ నంబరుది, అదే నంబరు త్రాటితో కూడినదైన పెక్కు నీళ్లకు సరిపోవును. ఈగలు గుప్పెడు చాలును. జపానులో టెంకారా అను పద్ధతివారు నేటికిని రీలు లేకయే, కర్ర కొనకు త్రాడు కట్టి, వాల్టన్, కాటన్‌ల వలెనే పట్టుచున్నారు.

వాల్టన్ తుదిదినములు ప్రశాంతముగా గడచినవి. 1660లో రాజు తిరిగి వచ్చినాడు. పాత మిత్రుడైన జార్జి మోర్లే బిషప్ అయినాడు. 1662లో రెండవ భార్య కూడ మరణించిన పిదప వాల్టన్ మోర్లే ఆశ్రయమున పెక్కేండ్లు గడపినాడు. 1651లో వెలువడిన వోటన్ చరిత్రకు తోడు, 1665లో హుకర్, 1670లో జార్జి హెర్బర్ట్, 1678లో శాండర్సన్ చరిత్రలు వెలువడినవి. చివరిది ప్రకటించునాటికి ఆయనకు ఎనుబదియైదేండ్లు. తరువాతి శతాబ్దమున డాక్టర్ జాన్సన్ ఈ చరిత్రలను మిక్కిలి మెచ్చుకొన్నాడు. మరుగుపడియుండిన వేటపుస్తకమును 1750లో మోజెస్ బ్రౌన్ మరల ప్రకటించుటకును జాన్సన్ ప్రోత్సాహమే కారణము. నాటినుండి దానికి వందలకొలది ముద్రణలు కలిగినవి.

1683 ఆగస్టులో, తొంబదవ యేట, వాల్టన్ తన చేతితో వీలునామా వ్రాసికొన్నాడు. స్టాఫర్డ్ సమీపమున షాలోఫర్డ్ గ్రామమున ఆయనకు చిన్న పొలమొకటి యుండెను. కుమారుడు వివాహము లేక యుండిపోయినచో అది జన్మస్థలమైన స్టాఫర్డ్ పట్టణమునకు చెందవలెనని నిర్ణయించి, దాని ఆదాయము ఏమి కావలెనో వివరముగా వ్రాసినాడు. ప్రతి సంవత్సరము ఇద్దరు పేద బాలురను ఏదైన వృత్తి నేర్చుకొనుటకు పనివారివద్ద చేర్చవలెను. పనిపిల్లయో, కష్టజీవి కూతురో పెండ్లియాడునప్పుడు కొంత సాయము చేయవలెను. మిగిలినదానితో పేదలకు బొగ్గు కొని పంచవలెను. ఆ పంపకము జనవరి తుదివారమునగాని, ఫిబ్రవరి మొదటివారమునగాని జరుగవలెను. పేదలను చలి మిక్కిలి బాధించు కాలము అదియేనని ఆయన యెరుగును. కుమారుడు అవివాహితుడుగనే యుండుటచే ఆ ధర్మము తుదకు ఆ పట్టణమునకు దక్కినది.

ఆ సంవత్సరము డిసెంబరు 15న, నదులు గడ్డకట్టిన చలిలో, వించెస్టర్ నగరమున కుమార్తె యింట ఆయన కన్నుమూసినాడు. అచ్చటి మహాదేవాలయమున ఆయన సమాధి కలదు. 1914లో ఇంగ్లండు, అమెరికా దేశముల గాలపు వేటగాండ్రు చందాలు వేసికొని సమాధిదగ్గర ఒక రంగుటద్దాల కిటికీని పెట్టించినారు. అందు ఒక మూల వాల్టన్ నదీతీరమున పుస్తకము చదువుకొనుచు కూర్చున్నట్లు చిత్రింపబడినాడు. పనిముట్లు ప్రక్కన పడియున్నవి.

పుస్తకమునకు, వీలునామాకు సంబంధము లేదని పైకి తోచును. పరికించి చూచిన రెండును ఒకే చేతివ్రాత. తండ్రి లేని బాలుడై, మరొకరి కొట్టులో పని నేర్చుకొని పైకి వచ్చినవాడు, తొలిమెట్టుదగ్గర నిలిచినవాని కష్టమును మరువలేదు. ఒకచోట 18 పెన్నీలకు పాఠము చెప్పినాడు. మరియొకచోట వృత్తి నేర్చుటకు రుసుము కట్టినాడు. ఏడుగురు బిడ్డలను మట్టిలో పెట్టినవాడు ఏటేట ఇద్దరు పరాయి బిడ్డలను పనిలో పెట్టుటకు ఏర్పాటు చేసినాడు. మేలైన పనిముట్లు కొనలేని విద్యార్థి మన తరగతిలోను ఉండును. వానికి చెప్పవలసినది నీకు తాహతు లేదని కాదు. ఉన్నదానిలో గుండ్రని, తేటయైన, సమానమైన వెండ్రుకలను ఏరుకొనుట ఎట్లో వాని ప్రక్కన కూర్చుండి చూపవలెను.